రెండెరుపుల తివాచీ మీద ఎంక్వయిరీ

మీలో కొత్తగా నౌకరీల్లో చేరినవాళ్ళు ఎంక్వయిరీ అనే మాట వినగానే బెదిరిపోతుంటారు. అది నిజం తెలుసుకోవడానికి పెడతారని నమ్మితేనే బెదురు. అట్లాంటి నమ్మకం లేకపోతే హాయిగా ఉండవచ్చు. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఆఫీసులో స్టెనోగా నా సర్వీసంతా ఎంక్వయిరీల పక్కన కూర్చుని రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. బొగ్గు టబ్బులు పట్టాలు తప్పినందుకు, డ్యూటీలో కునుకు తీసినందుకు, షిఫ్టు చూసే ఓవర్‌మన్‌ను ఏదో అన్నందుకు, అన్నది ఏమిటో ఓవర్‌మన్ పైకి చెప్పలేకపోయినందుకు, ఇట్లా ఎన్నో జరిగాయి. అన్నీ మరిచిపోయాను. ఒక తివాచీ మీద జరిగింది మాత్రం మరిచిపోలేదు.

డెబ్బైల మొదట్లో మాట. కొత్త మిషన్లు బిగించడానికి యూరప్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి మా గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడు. అంతకుముందు ఇరాక్ కొండల్లో ఎక్కడో పనిచేశాడట. అక్కడ సంపాదించిన తివాచీ ఒకటి చుట్టగా చుట్టి వెంట తెచ్చుకున్నాడు. మిషన్లు బిగిశాయి, ఆయన వెళ్ళిపోయే రోజు వచ్చింది. మా మీద ప్రేమతోనో, రామగుండం స్టేషన్ దాకా దాన్ని మోయించే ఓపిక లేకనో, తివాచీని గెస్ట్‌హౌస్‌కు బహుమతిగా ఇచ్చాడు. “కుర్దుల నేత, బాగా చూసుకోండి” అన్నాడు. కుర్దులు మనుషులో, ఊరో, నేత పేరో మాలో ఒక్కరికీ తెలియదు. స్టాకు రిజిస్టరులో ‘ఫారిన్ కార్పెట్’ అని ఎక్కించి ఊరుకున్నారు.

అది పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. మా హాల్లో ఎటు పరిచినా ఇమడలేదు. చివరికి కొంత భాగం డైనింగు టేబుల్ కిందికి, మిగతాది సోఫాల ముందుకు వచ్చేట్టు పరిచారు. ఎర్రటి నేల మీద వరసగా పేకముక్కల్లో డైమన్ లాంటి బొమ్మలు, ఒక్కో బొమ్మ చుట్టూ కొక్కేలు. చుట్టూ తిరిగిన అంచు మూలల దగ్గర లెక్క తప్పి, ఒక పువ్వు సగంలో తెగి, పక్కకు మళ్ళింది. ఒక మూల పిట్ట ఉండేది. దానికి జోడు తివాచీ మొత్తం వెతికినా లేదు. ఉన్ని మాత్రం కాలు పెడితే తీయబుద్ధి కానంత మెత్తగా, మెరుస్తూ ఉండేది.

గెస్ట్‌హౌస్‌లో వంటా వడ్డనా, సామాను బాధ్యతా అంతా బట్లర్‌ది. పాత గనుల కాలం నుంచి కంపెనీలో ఉన్న క్రైస్తవ కుటుంబం ఆయనది. చిన్నా పెద్దా అందరం బట్లర్ కాక అనేవాళ్ళం. దొరలు నేర్పిన సూపు ఎంత బాగా చేసేవాడో, దొరలు వెళ్ళిపోయాక మా కోసం పచ్చిపులుసు అంతకంటే బాగా చేసేవాడు. రిటైర్మెంటు దగ్గరపడింది. పిల్లలు లేరు. భార్య కంపెనీ దవాఖానాలో టీబీ వార్డులో ఉండేది. అప్పట్లో ఆ జబ్బుకు నెలల తరబడి సూదులు పొడవాలి. నడుమ ఆపితే జబ్బు తిరగబెడుతుందని, ఈసారి తిరగబెడితే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. కంపెనీ నౌకరి ఉన్నంతవరకే కంపెనీ దవాఖానా. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఆ చలికాలం హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురు అందింది. మాకు అప్పుడే కొత్త ఎస్టేట్ ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మహా ఉత్సాహవంతుడు. ఉత్సాహం ఉన్న ఆఫీసరు కింద పనిచేసి చూడండి, నిద్రమొహం ఆఫీసరు విలువ తెలుస్తుంది. ఆయన వచ్చీ రాగానే హాల్లో కుర్చీలూ టేబులూ జరిపించి, తివాచీ మొత్తం వెలుతురులో చూశాడు. టేబుల్ కింద ఉన్న వైపు ముదురు ఎరుపు. సోఫాల వైపు ఇటుక రంగు. అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీసినట్టు రంగు మారింది.

“ఇదేమిటి? సగం తివాచీ వెలిసిపోయిందే!” అన్నాడు.

బట్లర్ కాక ముందుకు వచ్చి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

“మొన్న ఎండకాలం బొగ్గు దుమ్ము పట్టిందని వాకిట్ల ఆరేసిన సార్. గా ఎండకే రంగు గుంజుకపోయినట్టున్నది.”

అంతే. ఆరేసినది తివాచీ మొత్తాన్ని కదా, సగమే ఎట్లా వెలిసింది అని ఆయనా అనుకోలేదు, ఆఫీసరూ అడగలేదు. రామగుండం ఎండ మీద మోపని నేరం మా దగ్గర లేదు. పాలు విరిగినా, రేడియో గరగరలాడినా, అల్లుడు అలిగి వెళ్ళినా ఎండదే తప్పు. ఈసారి ఎండకు తోడుగా ఒక మనిషి కూడా దొరికాడు. సాయంత్రానికి చార్జిషీటు నా చేతనే టైపు చేయించారు. విదేశీ ఆస్తిని నిర్లక్ష్యంగా ఎండపాలు చేసి కంపెనీకి తీరని నష్టం కలిగించినందుకు నిన్ను నౌకరి నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పమని దాని సారాంశం. చెప్పవలసిన మనిషికి ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే తెలుగులో చదివి వినిపించాను.

గనిలో ప్రమాదం జరిగితే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఆ చోట రాయి కూడా కదపకూడదని నియమం. ప్రాణాలు పోయిన చోట అది మంచి నియమమే. మా ఎస్టేట్ ఆఫీసరు దాన్ని హాల్లోకి తెచ్చాడు. టేబులు, సోఫాలు ఎప్పుడూ ఉండే చోట మళ్ళీ పెట్టించి, తివాచీ చుట్టూ కుర్చీలు నిలబెట్టి, కుర్చీలకు తాడు కట్టించి, ప్రవేశం లేదని బోర్డు తగిలించాడు. ఒక వాచ్‌మన్‌కు డ్యూటీ వేశాడు. ఎవరు దేన్ని ఎత్తుకుపోతారని ఆ వాచ్‌మన్‌ను అడిగితే, “రంగు ఇంక దిగకుంట చూస్తున్న” అన్నాడు. తివాచీ సోఫాల వైపు హాలు గుమ్మం దాకా పరిచి ఉండటంతో హెడ్డాఫీసు పెద్దమనిషి వచ్చిన రోజు ఆయన్ను వెనక నుంచి, వంటింటి గుండా లోపలికి తీసుకువచ్చారు. ఆయన తాడు చూసి, బోర్డు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎవరైనా పోయారా ఇక్కడ?”

“లేదు సార్. తివాచీ” అన్నాడు ఎస్టేట్ ఆఫీసరు.

పెద్దమనిషి వంటింట్లోనే స్టూలు మీద కూర్చుని పచ్చిపులుసు అన్నం తిని, బాగుందని రెండోసారి వడ్డించుకుని వెళ్ళిపోయాడు. వడ్డించింది సస్పెన్షన్ రేపటి నుంచి అమలుకు వచ్చే మనిషి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ప్రమాదం అన్నాక ప్లాను ఉండాలి. ప్లాను గీయాల్సింది సర్వేయరు. మా సర్వేయరుకు హాస్యం తెలియదు. భూమి లోపల బొగ్గు పొర ఎక్కడ వంగింది, ఎక్కడ తెగింది అన్నది తప్ప లోకంలో ఇంకే విషయమూ ఆయనకు పట్టదు. తివాచీకి ప్లాను గీయమంటే మరొకరైతే నవ్వి పోయేవారు. ఆయన టేపులు, సుద్దముక్కలు, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. తివాచీ అంచులు, టేబుల్ కాళ్ళు, కిటికీలు అన్నీ కొలిచాడు. రంగు మారిన గీత వెంబడి మోకాళ్ళ మీద పాకాడు. ఆ తర్వాత బల్లలు తీయించి తివాచీని తిరగేయించి అడుగు వైపు కూడా కొలిచాడు. “కప్పు కొలిచి నేల కొలువకపోతే గది ప్లానెట్ల అయితది?” అన్నాడు. నేను వెనక నుంచి చూస్తూ నవ్వాపుకోలేక బయటికి పోయాను. కొలిచినదాంట్లో ఏముందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఎంక్వయిరీకి అధ్యక్షుడుగా కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక సీనియర్ ఇంజనీరును వేశారు. మర్యాదస్తుడు, ఎవరినీ నువ్వు అనేవాడు కాదు. బట్లర్ తరఫున యూనియన్ మనిషి ఒకతను కూర్చున్నాడు. తివాచీలు తెలిసినవాళ్ళను అడగాలని అతను పట్టుబడితే, ఉర్దూ వచ్చినవాడు కాబట్టి స్టెనో హైదరాబాద్ పోయి కనుక్కుని రావాలని అధ్యక్షుడు అన్నాడు. తివాచీని తాడు దాటించడానికి వీల్లేదు కాబట్టి, దాని బదులు సర్వేయరు ప్లానులో పైవైపుకు నీలం కాగితం మీద తీసిన నకలు మాత్రం నా చేతికిచ్చారు.

పోయే ముందు దవాఖానాకు వెళ్ళాను. బట్లర్ కాక వార్డు బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“నేను ఒప్పుకుంట బిడ్డా. ఒప్పుకుంటే కనికరం చూపిస్తరంట” అన్నాడు.

“ఎవరన్నరు?”

“ఎస్టేట్ సారే చెప్పిండు.”

“ఒప్పుకుంటే నౌకరి పోతది కాకా. సూదులు ఆగిపోతయ్.”

“మరి ఎండల ఏసింది నేనే గద. దేవుని ముంగట అబద్ధమెట్ల చెప్పాలె?”

నాకు ఏడుపు వచ్చినంత పనయింది. ఆయన అమాయకత్వం మీద కోపం కూడా వచ్చింది. ఒప్పుకోనని మాట తీసుకుందామని ఎంత చూసినా ఇవ్వలేదు.

హైదరాబాదులో పత్తర్‌గట్టీ వెనక ఒక ముసలి వ్యాపారి ఉన్నాడని తెలిసి వెళ్ళాను. ఆయన తాతలు ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళట. నేను నీలం కాగితం విప్పి ముందు పరిచేసరికి కళ్ళద్దాలు పైకెత్తి చూసి, దిండు మీదికి ఒరిగి కడుపు పట్టుకుని నవ్వాడు. “మియా, అరవై ఏళ్ళ నుంచి తివాచీలు చూస్తున్నాను. ఉత్తర దిక్కు గుర్తు వేసిన తివాచీని ఇప్పుడే చూడటం” అన్నాడు. నవ్వయ్యాక చాయ్ తెప్పించి పనిలోకి దిగాడు. కుర్దులవే అయినా అన్నీ ఒక్క నేత కావట. ఇరాన్‌లో బీజార్ వైపు వాళ్ళు తడి పోగును ఇనుప దువ్వెనతో దట్టించి కొడతారు, ఆ తివాచీ చెక్కలా బిగిసి ఉంటుంది, మడిస్తే లోపల దారం పుటుక్కుమంటుంది. సెన్నాలో నేసేవి పల్చన, సన్నసన్నటి పూలు. ఎప్పుడో తూర్పున ఖొరాసాన్‌కు తోలేసిన కుర్దుల నేతలో పక్కనున్న తుర్కుమెన్ తెగల బొమ్మలు కలిసిపోయాయి.

“మెత్తగా మెరుస్తుందా?” అని అడిగాడు. మెరుస్తుందన్నాను.

“పక్కల కుట్టు నల్లగా, చేతికి గరుగ్గా ఉందా?” ఉందన్నాను.

“మేక వెంట్రుక. కొక్కేల డైమన్లు. ఇది కుర్దుల్లో జాఫ్ తెగ ఆడవాళ్ళ పని. వాళ్ళకు కాగితం మీద నమూనా ఉండదు, తోచినట్టు నేస్తారు. మగ్గం నేల మీద పరుచుకుంటారు. గడ్డి అయిపోతే గొర్రెలు కదులుతాయి, గొర్రెలు కదిలితే మగ్గం పీకి చుట్టుకుని వీళ్ళూ కదులుతారు. కొత్త చోట కొత్త నీళ్ళు, కొత్త వేళ్ళు, చిన్న కుండలో మళ్ళీ రంగు కాచుకోవాలి. పాత ఎరుపు మళ్ళీ ఎట్లా వస్తుంది? మీ గీత అదే. రంగు మారిన చోట డేరా మారింది.”

ఆ మాటే ఉర్దూలో రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. రూపాయి కూడా ముట్టలేదు, నీలం కాగితం ఉంచుకుంటానని మాత్రం బతిమాలాడు. కంపెనీ దస్తావేజు, ఇవ్వలేనన్నాను.

తిరుగు బండిలో కాజీపేట దాటాక ఎదురు బల్ల మీద ఒక గొర్రెలాయన గొంగడి కప్పుకుని కునుకుతున్నాడు. నల్లటి గొంగడిలో అడ్డంగా మాసిన రంగు పట్టీ, ఆపైన మళ్ళీ నలుపు. ఏ గొర్రె ఉన్ని ఆ రంగు, ఉన్నది అయిపోతే ఇంకొకటి. మా ఇంట్లోనూ అట్లాంటి గొంగట్లోనే పడుకుని పెరిగాను. ఎంక్వయిరీలో కూర్చున్న సగం మంది అట్లాంటి గొంగడి కప్పుకునే నైట్ షిఫ్టులకు పోయినవాళ్ళు. గొంగడికి పట్టీ వస్తే ఎవడిదీ తప్పు కాదు. అదే ఫారిన్ అని రాసి ఉంటే మాత్రం ఒకే రంగు ఉండి తీరాలి, లేకపోతే మనలోనే ఎవడో పాడు చేసి ఉండాలి. నా మీద నాకే చిరాకేసింది.

ఎంక్వయిరీ రోజు అధ్యక్షుడు, ఎస్టేట్ ఆఫీసరు, సర్వేయరు, యూనియన్ మనిషి, బట్లర్ కాక, నేను ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. కాక చర్చికి వేసుకుపోయే కోటు వేసుకుని వచ్చాడు.

“మీ మీద మోపిన అభియోగం అంగీకరిస్తున్నారా?” అని అడిగాడు అధ్యక్షుడు.

“ఎండల ఏసిన సార్. ఏసింది నిజమే.”

“అంగీకరించాడని రాసుకోండి.”

నేను పెన్సిలు ఆపాను. “ఎండలో వేశానన్నాడు సార్. పాడు చేశాననలేదు.”

“మీరు రాయడానికి వచ్చారా, వాదించడానికి వచ్చారా?”

“రాయడానికే సార్. ఏది రాయాలో అడుగుతున్నాను.”

యూనియన్ మనిషి దగ్గుతో నవ్వు దాచుకున్నాడు. వ్యాపారి ఇచ్చిన చీటీ ముందు పెట్టాను. ఉర్దూలో ఉందన్నాడు అధ్యక్షుడు. చదివి తెలుగులో చెప్పాను. ఆయన ఓపికగా విని, “కథ బాగుంది. కానీ దుకాణదారు మాట సాక్ష్యం కాదు. రేపు ఇంకో దుకాణంలో ఇంకో కథ రాసిస్తారు” అన్నాడు. ముద్దాయి ఒప్పుకున్న కేసులో ఇంత ఆలస్యమెందుకని ఎస్టేట్ ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. కాక తల వంచుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంటున్నాడు.

“నా ప్లాను ఎవ్వలు చూడకపోతిరి” అన్నాడు సర్వేయరు.

ఆయన కేసు గురించి మాట్లాడలేదు. కష్టపడి గీసిన ప్లానును ఎవరూ విప్పలేదని ఆయన బాధ. నీలం కాగితాలు బల్ల మీద పరిచి మూలల మీద చాయ్ సాసర్లు పెట్టాడు.

“ఇది టేబుల్ అంచు. ఇది రంగు మారిన గీత. రెండు ఒక్కకాడ లేవు, లేత రంగు టేబుల్ కిందికి సుత పోయింది. టేబుల్ నీడకు ఇది ఆగలే. ఇగ ఇది అడుగు ప్లాను. అడుగున సుత అదే గీత, అదే పోగు మీద.”

“ఎండ దెబ్బ అడుగుకు దిగి ఉంటుంది” అన్నాడు ఎస్టేట్ ఆఫీసరు.

“దిగితే అడుగు కొంచెమన్న ముదురుండాలె. రెండు దిక్కుల ఒక్కతీరే ఉన్నది. ఎండ నేలల నుంచి సుత కొట్టిందా సార్?”

ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అడిగాడు. అధ్యక్షుడు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. మనిషి మంచివాడే కాబట్టి, “అయితే ఇతను పాడు చేయలేదు” అన్నాడు. కాక తల ఎత్తాడు. ఏం జరిగిందో ఆయనకు అర్థం కాలేదు. యూనియన్ మనిషి చెవిలో చెప్పాడు. కాక కోటు గుండీలు తడుముకుంటూ కూర్చుండిపోయాడు.

అక్కడితో లేచిపోవాలి కదా. అట్లా లేచిపోతే అది మా కంపెనీ ఎందుకవుతుంది?

“ఇతను కాకపోతే ఎవరు పాడు చేశారు?” అన్నాడు అధ్యక్షుడు.

“ఎవ్వలు చెయ్యలే సార్. గది గట్లనే పుట్టింది” అన్నాడు యూనియన్ మనిషి.

“రెండు రంగులున్నాయి, అంటే లోపం ఉంది. లోపం ఉంటే బాధ్యులుండాలి. రిపోర్టులో బాధ్యుల గడి ఖాళీగా పంపితే హెడ్డాఫీసు ఫైలు తిప్పి కొడుతుంది. మళ్ళీ మొదటి నుంచి ఎంక్వయిరీ, మళ్ళీ ఈయన సస్పెన్షన్. అది మీకు ఇష్టమేనా?”

ఎవరికీ ఇష్టం లేదు. దుకాణదారు చీటీ సాక్ష్యం కాదన్నవాళ్ళే మళ్ళీ దాన్ని పైకి తీశారు. బాధ్యురాలు: నేసిన స్త్రీ. పేరు తెలియదు. చిరునామా ఏమిటని అధ్యక్షుడు నన్ను అడిగాడు.

“డేరా సార్. అదీ ఒక చోట ఉండదు.”

“దేశం?”

“వాళ్ళకంటూ దేశం లేదట సార్. వాళ్ళ కొండలను చుట్టుపక్కల దేశాలు పంచుకున్నాయట.”

“దేశం లేకుండా మనుషులెట్లా ఉంటారండీ?” అని నిజంగా ఆశ్చర్యపోయి, “దేశం తెలియరాలేదని రాయండి” అన్నాడు. రాశాను. తీసుకోవలసిన చర్య దగ్గర మళ్ళీ ఆగాము. ఆమె కంపెనీ పరిధిలో లేదు కాబట్టి డిస్మిస్ చేయలేము. చివరికి ఎస్టేట్ ఆఫీసరే దారి చూపించాడు. ఇకమీదట సదరు స్త్రీ నేసిన సరుకు కంపెనీ ఏ విభాగమూ కొనరాదని నిషేధం పెట్టారు. అందరూ సంతకాలు చేశారు. హెడ్డాఫీసు ఆ ఫైలు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆమోదించింది. ఎంక్వయిరీ పకడ్బందీగా జరిగిందని మెచ్చుకుంది కూడా.

సంతకాలైన ఆ సాయంత్రమే కాకతో పాటు టీబీ వార్డుకు పోయాను. ఆ రోజు సూది అప్పుడే వేసి వెళ్ళారు. కాక భార్య, మేమంతా అవ్వ అనే ఆమె, మంచం మీద లేచి కూర్చుంది. కాక నన్నే చెప్పమన్నాడు. నేను ఎస్టేట్ ఆఫీసరు గొంతు అనుకరిస్తూ, సర్వేయరు పాకినట్టు పాకి చూపిస్తూ, మొత్తం చెప్పాను. పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. పేరు తెలియని ఆమె మీద నిషేధం పెట్టిన ముచ్చట దగ్గరికి వచ్చేసరికి నర్సు కూడా నవ్వింది. అవ్వ నవ్వలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు ఆగేదాకా ఆగి, నన్ను అడిగింది.

“అంటే, మా ఇంటాయన మీది తప్పు తీసి గామె మీద ఏసిండ్రన్నట్టు.”

“కాగితం మీదనే అవ్వా. ఆమెకు ఏం కాదు.”

“గామె ఇంట్ల సుత ఎవలన్న మంచాన పడి ఉన్నరేమో బిడ్డా. గది ఎవలన్న అడిగిండ్రా?”